ముగ్గుపిండిలో తేలిన పగులు

నా చిన్నప్పుడు మా ఇంట్లో సంపాదించే మగదిక్కు మా చిన్నాయన ఒక్కడే. నేను పుట్టిన ఏడాదే నాన్న పోయాడు. పుదుచ్చేరి రేవు దగ్గర ఒక ముసలి ఫ్రెంచి దొర షెడ్డులో చిన్నాయన ఇంజన్లు బాగుచేసేవాడు. ఆయన తెచ్చేదాంతోనే అవ్వా, అమ్మా, నేనూ తినాలి. మధ్యాహ్నం ఆయనకు అన్నం గిన్నె మోసుకెళ్ళే పని నాది. దారిలో ఊరగాయ ముక్క ఒకటి మాయమయ్యేది, ఆ సంగతి ఇప్పుడెందుకులెండి.

ఆ దొరకు ఒక్కగానొక్క కొడుకు. యుద్ధంలో విమానం నడిపి, ఒంటిమీద గీత పడకుండా బయటపడ్డాడట. ఆ తర్వాత వాళ్ళ దేశంలోనే సొంతంగా ఒక పాత విమానం కొనుక్కుని ఎగురుతూ, ఒక చలికాలం జ్వరమొచ్చి పోయాడు. గుండ్లకు చావనివాడు జ్వరానికి చచ్చాడు, ఏం చెప్తాం! తండ్రి ఆ విమానం ఇంజన్ని ఓడలో ఇక్కడికి తెప్పించుకున్నాడు. ఎగరడానికి కాదు. కొడుకు రోజూ విన్న ఆ చప్పుడు తను పోయేలోగా ఒక్కసారి వినాలని.

ఆ పని చిన్నాయనకే అప్పగించాడు. చిన్నాయన కూడా యుద్ధమప్పుడు ఫ్రాన్సు వెళ్ళి, విమానాలు బాగుచేసే చోట పనిచేసి వచ్చినవాడు. ఇంజన్ని దుంగల మీద బిగించాడు. వరసగా నిలబెట్టిన ఉక్కు గొట్టాలు, ఒక్కో గొట్టం చుట్టూ రేకు తొడుగు. ఆ రెంటి మధ్యా నీళ్ళు తిరిగి వేడిని లాగేస్తాయట. నీళ్ళు పోసి తిప్పగానే అది ఒక్కసారిగా గర్జించింది. కాకులన్నీ లేచిపోయాయి. నేను చెవులు మూసుకుంటే, దొర టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. ఆ ముసలి మొహంలో నవ్వు పూర్తిగా రాకముందే ఇంజన్ దగ్గి, తెల్లటి ఆవిరి కక్కి, ఆగిపోయింది. నేలంతా నీళ్ళు.

దొర లేచి నిలబడి చిన్నాయన మీద అరిచాడు. నీళ్ళు మరగబెట్టి నా బిడ్డ ఇంజన్ని పగలగొట్టావన్నాడు. నీ తప్పు కాదంటావా, అయితే ఎవరిదో రేపు నాకు చూపించు, లేకపోతే ఈ షెడ్డులో నీకు పనిలేదని వెళ్ళిపోయాడు.

మరునాడు నేను తీసుకెళ్ళిన అన్నం చిన్నాయన ముట్టుకోలేదు. "పాపా, పోయి అవ్వనడిగి ముగ్గుపిండి డబ్బా ఎత్తుకురా" అన్నాడు. పరుగెత్తి అడిగితే అవ్వ నా నెత్తిన ఒకటి మొట్టింది. "ఏందే, ఇంజన్ ముందర ముగ్గేస్తాడా మీ చిన్నాయన? పూజ చేస్తే లేచి కూచుంటాదా అది?" అంటూనే డబ్బా ఇచ్చింది.

అప్పటికే ఆయన ఆ తొడుగులన్నిటికీ కిరసనాయిలు పట్టించి, పొడిగుడ్డతో శుభ్రంగా తుడిచేశాడు. వాటిమీద ముగ్గుపిండి అద్దాడు. అంతా తెల్లగా అయింది. ఇద్దరం చూస్తూ కూర్చున్నాం. కాసేపటికి ఒక తొడుగు కిందివైపు ఆ తెలుపులో నల్లటి దారంలాంటి గీత తేలింది. పగుల్లో దాక్కున్న కిరసనాయిలు పిండిలోకి ఊరుతోంది. పక్క తొడుగు మీదా అలాంటి గీతే. చిన్నాయన నా వేలు పట్టుకుని ఆ గీత మీద నడిపించాడు. పగులు అంచులు బయటికి ఉబ్బి ఉన్నాయి. లోపల నల్లబడిన పాత తుప్పు.

"చూస్తివా? నిన్న పగిలినదానికి ఇంత తుప్పు యాడనుంచి వస్తాది? మంట కాదు పాపా, నీళ్ళే పగలగొట్టినాయి దీన్ని" అన్నాడు. నేను పకపకా నవ్వాను. నీళ్ళు ఇనుమును పగలగొట్టడమేమిటి! అప్పుడు చెప్పాడు. ఆ దేశంలో చలికి రాత్రిపూట నీళ్ళు రాయైపోతాయట, రాయయ్యేటప్పుడు ఉబ్బుతాయట. చెంబు నిండా శనగలు నానబోసి మూత బిగిస్తే పొద్దుటికి మూత లేచిపోతుంది కదా, అలాగన్నమాట. అందుకే విమానం దిగినవాడు కడుపుకు తినకముందే ఇంజన్లో నీళ్ళు చుక్క లేకుండా వదిలేయాలట. అది మరిచిపోయినవాడు ఎవడో, అని మొదలుపెట్టి, చటుక్కున మాట ఆపేశాడు.

ఇంతలో దొర వచ్చాడు. చిన్నాయన ఒక్కటే అడిగాడు, ఇది ఆఖరుసారి తిరిగింది ఎప్పుడని. మాకు అర్థమయ్యే అరవంలోనే దొర చెప్పాడు. కొడుకు ఒక సాయంత్రం ఒళ్ళు కాలిపోతూ విమానం దిగి, నేరుగా వెళ్ళి మంచమెక్కాడట. మళ్ళీ లేవలేదు. ఆ తర్వాత ఇంజన్ని ఎవరూ తాకలేదు. చెబుతూ చెబుతూ ఆ ఇనుమును బిడ్డ వీపు నిమిరినట్టు నిమిరాడు.

 చిన్నాయన అరచేత్తో ముగ్గుపిండి తుడిచేసి, "తప్పు నాదే దొరా. నీళ్ళు మరిగిపోతావుంటే చూసుకోలేదు" అన్నాడు. నిజం నా నోటిదాకా వచ్చేసింది. ఆయన నా మణికట్టు ఎంత గట్టిగా పట్టుకున్నాడంటే గాజు చిట్లిపోయింది.

ఇంటికి వస్తూ ఏడ్చాను, ఎందుకట్లా చెప్పావని. "కొడుకు పోయినాడు ఆయనకి. పోతాపోతా నీళ్ళు వదలడం మరిచి వాడే దాన్ని చెడగొట్టినాడని గూడా నేనే చెప్పాల్నా? చెప్తే మాత్రం అది అతుక్కుంటాదా?" అన్నాడు. అవ్వ వినలేదు. "తనకు మాలిన ధర్మం మొదలు చెడ్డ బేరం" అని నెత్తి బాదుకుంది. నాకూ అవ్వ మాటే సబబనిపించింది.

ఇంజన్ తగలబెట్టినవాడన్న పేరు రేవంతా పాకింది. ఏ షెడ్డులోనూ పని దొరకలేదు. చివరికి ఆయన సైగోన్ ఓడెక్కాడు. మళ్ళీ ఏ కబురూ లేదు. అమ్మ ఇళ్ళల్లో పాచిపనికి వెళ్ళింది. ఏ ఓడ వచ్చినా రేవుకు వెళ్ళి నిలబడేది అవ్వ, కాళ్ళు పడిపోయేదాకా.

చాలాకాలానికి ఒకరోజు నేను షెడ్డు ముందునుంచి పోతుంటే దొర పిలిచాడు. ఇంజన్ పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఆయన వేలు ఆ పగులు మీద ఉంది. తుడిచినా పోని ముగ్గుపిండి అందులో తెల్లగా మిగిలి ఉంది. మీ చిన్నాయన ఎక్కడ అన్నాడు. సైగోన్ అన్నాను. తల ఎత్తకుండానే, "ఆ రాత్రి అక్కడ చాలా చలి" అన్నాడు.

ఆయనకు తెలుసు. ఎప్పుడు తెలిసిందో, తెలిసీ ఎందుకు ఊరుకున్నాడో నేను అడగలేదు. అడిగితే మాత్రం, ఎక్కడున్నాడని పిలుస్తారు మా చిన్నాయనను?

చిన్నాయన చేసింది మంచో పిచ్చో ఈ వయసుకీ నాకు తేలలేదు. ఒక్కోరోజు మంచే అనిపిస్తుంది, అవ్వ గుర్తొచ్చిన రోజు ఒళ్ళు మండుతుంది. కానీ పడుకోబోయే ముందు ఇంట్లో ఉన్న చెంబులూ బిందెలూ వంచేసి బోర్లించందే నాకు కునుకు పట్టదు. మనవరాళ్ళు నవ్వుతారు, ఈ ఊళ్ళో నీళ్ళు గడ్డకట్టే చలి యాడుంది అవ్వా అని. లేదు, నాకూ తెలుసు. ఎక్కడైనా ఒక చెంబులో నీళ్ళు మిగిలితే, నేనెన్నడూ చూడని ఆ దొర కొడుకు జ్వరంతో తూలుతూ మంచం దగ్గరికి పోవడం కనిపిస్తుంది. లేచి వెళ్ళి, అతని బదులు నేను వంచేసి వస్తాను.