లేచి వెళ్ళే బేరం

మా ఇంట్లో పిల్లలకు అక్షరాలకంటే ముందు నేర్పేది లేచి వెళ్ళడం. జహీరాబాద్ బజారులో దుకాణాల మధ్య పెరిగినవాణ్ణి. బేరం తెగకపోతే లేచి చెప్పులు వేసుకోవాలి. గడప దాటేలోపు వెనకనుంచి పిలుపు వస్తుంది. పెళ్ళయ్యాక ఈ విద్య నా భార్యకూ నేర్పాను. నేను మోకాలి మీద చెయ్యి చరిచి లేస్తే, ఒళ్ళో ఎంత నచ్చిన చీర ఉన్నా పక్కన పెట్టి ఆమె కూడా లేవాలి. ఒకరు లేచి ఒకరు కూర్చుంటే నాటకం చెడుతుంది. కోహీర్ జామకాయల గంప ముందు కూడా ఆమె నాకంటే బాగా నటించేది.

నిరుడు ఆమెకు మెట్లెక్కితే ఆయాసం, కళ్ళు తిరగడం మొదలయ్యాయి. గుండెలోంచి రక్తం బయటికి పోయే కవాటం గట్టిపడి ఇరుకైందని తేలింది. హైదరాబాదు నుంచి వారానికోసారి మా ఊరొచ్చే డాక్టరమ్మ ఇంకో పరీక్ష చేసింది. నా భార్యను పడుకోబెట్టి, ఛాతీకి తీగలు అతికించి, నిదానంగా ఊపిరి తీసి వదలమంది. తర్వాత నర్సుతో కలిసి పట్టుకుని మెల్లగా నిలబెట్టింది. ఊపిరి తీసినప్పుడు గుండె కాస్త తొందరపడాలట, వదిలినప్పుడు నిదానించాలట. ఆమె గుండె రెండింటికీ ఒకేలా కొట్టుకుంటోంది.

"గడియారం లెక్క కొట్టుకుంటున్నది. మంచిదే గద మేడం" అన్నాను.

"మంచిది కాదండీ. గుండెను నడిపే నరాల్లో పట్టువిడుపు ఉండాలి. ఈవిడకి అది తగ్గిపోయింది. అందుకే లేచి నిలబడితే ఒళ్ళు సర్దుకోలేకపోతోంది. చటుక్కున లేవనివ్వకండి."

పట్టువిడుపు గురించి నాకే చెబుతోందని లోపల నవ్వుకున్నాను. చివరి మాట చెవికెక్కలేదు.

ఈ నెలలోనే ఆపరేషన్ కావాలంది డాక్టరమ్మ. నాకేమో ముందు పెళ్ళిళ్ళ సీజను కనిపించింది. మా బట్టల దుకాణంలో ఆడవాళ్ళ గిరాకీ అంతా ఆమె చేతిమీదే నడుస్తుంది. సీజను అయినంక పెట్టుకుందామన్నాను. కుదరదంది. పోనీ సగం సీజను అన్నాను. తల అడ్డంగా ఊపింది. నా చెయ్యి మోకాలి మీద పడింది.

"సరే మేడం, ఇంకో దగ్గర అడుగుతం" అని లేచి తలుపువైపు నడిచాను. ఇంకో డాక్టరైతే నాలుగు రోజులు ఎక్కువ తూచి ఇస్తాడన్నట్టు.

వెనకనుంచి పిలుపు రాలేదు. స్టూలు పడ్డ చప్పుడు వచ్చింది.

మంచం అంచున కూర్చున్న నా భార్య నన్ను చూసి చటుక్కున లేచింది. లేచిన మనిషి లేచినట్టే పక్కనున్న స్టూలు మీదికి ఒరిగిపోయింది. నర్సు తల పట్టుకోకపోతే గోడకు తగిలేది. పడుకోబెట్టి కాళ్ళు ఎత్తి పట్టుకున్నారు. నేను తలుపు దగ్గరే నిలబడ్డాను, ఒక కాలికి చెప్పుతో.

కాసేపటికి ఆమె కళ్ళు తెరిచింది. నన్ను వెతికి, ఎవరికీ వినబడకూడదన్నట్టు అడిగింది.

"పిలిచిన్రా?"

"ఎవరమ్మా పిలిచేది?" అంది డాక్టరమ్మ. డాక్టరమ్మకేం అర్థమవుతుంది. అర్థమైనవాణ్ణి ఆ గదిలో నేనొక్కణ్ణే. చెప్పు వదిలి వచ్చి కూర్చున్నాను.

"తారీఖు మీరే చెప్పుండ్రి మేడం."

ఆ నెలలోనే కవాటం మార్చారు. ఇప్పుడు మెట్లు బాగానే ఎక్కుతోంది. గుండె కూడా ఊపిరి మాట కొంచెం కొంచెం వింటోందట.

మొన్న గిన్నెల దుకాణంలో బేరం తెగలేదు. ఆమె నా చొక్కా లాగింది.

"లేవుండ్రి. మీరు లేవకుంటె ఆయన ఎట్ల దిగుతడు?"

నేను లేవలేదు. అడిగినంత ఇచ్చేశాను. దారంతా ఆమె సణుగుతూనే ఉంది, బజారులో ఇజ్జత్ తీస్తున్నానని, ముసలితనం వచ్చిందని. ఆమె పక్కన, ఆమె ఎంత నిదానంగా నడిస్తే అంత నిదానంగా నడిచాను.