డొక్కలో పది దెబ్బలు

మా ఇంటావిడకు కోపం ముక్కు మీదే ఉంటుందని అందరూ అంటారు. నాకైతే నెత్తి మీదే ఉంటుంది. అందుకే ధామన్‌కర్ నాకా దగ్గరి ఆస్పత్రికి వెళ్తూ దారి పొడుగునా ఆటోలో పోట్లాడుకుంటూనే ఉన్నాం. నిజానికి అది కోపం కాదు, భయం. నా కాలేయం గట్టిపడిందో లేదో ఆ రోజు తేలిపోతుంది.

మా అన్నది గట్టిపడింది. ఇద్దరిదీ ఒకే జబ్బు, హెపటైటిస్ బి. సూది గుచ్చి కాలేయంలోంచి చిన్న ముక్క తీసి చూస్తేగానీ ఎంత పాడైందో చెప్పలేమని అప్పట్లో అన్నకు చెప్పారు. మా తెలుగువాళ్ళు వలస వచ్చిన ఈ మగ్గాల ఊళ్ళో, గైబీ నగర్‌లో ఇరవై ఏళ్ళు సాంచలు నడిపిన మనిషి. సాంచలంటే మా పవర్‌లూమ్‌లే. సూది మాట వినగానే మంచం దిగి, చెప్పులైనా వేసుకోకుండా ఇంటికి వచ్చేశాడు. తర్వాత రెండేళ్ళకు కడుపు ఉబ్బి చనిపోయాడు.

నా సంగతి రక్తదాన శిబిరంలో బయటపడింది. డాక్టరు చాలాసేపు చెప్పాడు. ఇది ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటుందన్న ముక్క దగ్గరే నా చెవులు మూసుకుపోయాయి. ఎందుకంటే మా పనిలో నోటితో చేసేది ఒకటుంది. మగ్గంలో అటూ ఇటూ పరిగెత్తే నాడెలో దారం చుట్టిన కండె పెట్టాక, దారం కొస బయటికి రావాలంటే, నాడె కన్నానికి నోరు ఆనించి ఊపిరితో చప్పున లాగాలి. షెడ్డులో ఒక్కో నాడె నలుగురి నోళ్ళు తిరుగుతుంది. అన్న నాడెలోంచే నాకు వచ్చిందని, నా నాడెలోంచి ఇంకొకరికి పోతుందని తీర్మానించేసుకున్నాను.

మర్నాటి నుంచి సన్నని తీగతో కొక్కెం చేసుకుని దారం లాగడం మొదలుపెట్టాను. నా నాడెలు వేరే డబ్బాలో పెట్టి ఎవరినీ ముట్టనిచ్చేవాణ్ణి కాదు. "ఏందిరా, నవాబువైనవా?" అని తోటివాళ్ళు నవ్వితే తిట్టిపోసేవాణ్ణి. ఇంట్లోనూ నా కంచం వేరు, చెంబు వేరు, పక్క వేరు. ఆరేళ్ళు! అబ్బో, ఏం నిష్ఠ! జబ్బుకు చేయాల్సిందంతా చేస్తున్నాననే అనుకున్నాను. ఆరు నెలలకోసారి రమ్మన్న ఆ డాక్టరు మొహం మాత్రం మళ్ళీ చూడలేదు.

సూదిలేని మిషన్ వచ్చిందని ఎక్కడ విన్నదో, మా ఆవిడే తెలుసుకుని వచ్చింది. "సూది లేదట, కోసుడు లేదట. డొక్క మీద పెట్టి సూస్తరట. గిప్పుడు సుత రానంటే మెడలు పట్టుకొని గుంజుకపోత" అంది. చేసినా చేస్తుందని బయల్దేరాను.

పరీక్ష గదిలో ఉన్న పిల్ల టెంఘర్‌లోని మన తెలుగువాళ్ళ పిల్లే. వాళ్ళ నాన్న కూడా సాంచలే నడుపుతాడట. "కాకా, ఏం తినలే గద?" అని అడిగింది. "మూడు గంటల సంది చాయ్ సుత తాగనియ్యలే" అని మా ఆవిడ నాకంటే ముందే జవాబు చెప్పేసింది.

"గీ మిషన్ హల్కాగ ఒక దెబ్బ కొడ్తది కాకా. గా దెబ్బకు మీ లోపట లహర్, నీళ్ళల్ల అల లెక్క, లేస్తది. లివర్ మెత్తగుంటే లహర్ నిదానంగ పోతది, గట్టిగుంటే తేజ్ పోతది. గా స్పీడు సూసి ఎంత గట్టిపడ్డదో చెప్తం."

నోరు వెళ్ళబెట్టి విన్నాను. పడుగు, అంటే మగ్గం మీద సాగదీసిన పోగుల వరస, ఎంత బిగువుందో తెలియాలంటే మేమూ దాన్ని తెంపి చూడం. అరచేత్తో ఒకసారి తట్టి, ఎలా అదిరిందో చూస్తాం. పాతికేళ్ళుగా నా చేతులు చేస్తున్న పని!

వెల్లకిలా పడుకుని కుడి చేయి తల కింద పెట్టుకున్నాను. పక్కటెముకల మధ్య చల్లగా ఏదో జిగురు రాసి మిషన్ మొన ఆనించింది. టప్. ఎవరో వేలితో చిన్నగా కొట్టినట్టయింది. అంతే, నొప్పి లేదు. తెర మీద ఒక వాలు గీత పడింది. "గదే కాకా, మీ లోపట పోతున్న లహర్" అందా పిల్ల.

నా లోపల! పన్నెండేసి గంటలు నిలబెట్టినా, వేళకు తిండి పెట్టకపోయినా, యాభై ఏళ్ళుగా ఒక్కసారైనా నోరెత్తని అవయవం అది. ఇప్పుడు తట్టితే పలుకుతోంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, సిగ్గు కూడా వేయలేదు. ఇంత చిన్న దెబ్బ మా అన్నకు దొరకలేదు కదా అనిపించింది. పది దెబ్బలు, పది అంకెలు పడ్డాయి. ఆ పిల్ల మొహంలో ఏమైనా కనిపిస్తుందేమోనని చూశాను, ఏమీ తెలియలేదు.

డాక్టరు కాగితం చూసి, కాలేయం కొంత గట్టిపడి మచ్చలు పడ్డాయన్నాడు. ముదరలేదు గానీ, ఇన్నేళ్ళు ఎందుకు రాలేదని హిందీలో అడిగాడు. నేను గర్వంగా కొక్కెం సంగతి చెప్పాను. ఇది ఉమ్మితో రాదు, నాడెతో రాదు, కంచంతో రాదు, ముట్టుకుంటే రాదు, రక్తంతోనూ పడక సంబంధంతోనూ వస్తుందన్నాడు. అన్నదమ్ములిద్దరికీ పుట్టినప్పుడే తల్లి నుంచి వచ్చి ఉండొచ్చన్నాడు. మా ఆవిడకు రక్తపరీక్ష చేయించి, జబ్బు లేకపోతే టీకా వేయించాలన్నాడు. నేను రోజూ మాత్ర వేసుకుంటే ఉన్న మచ్చలు కూడా తగ్గొచ్చట, కాలేయం తనను తానే బాగు చేసుకుంటుందట.

ఆ మాటకు నేను మళ్ళీ బిత్తరపోయాను. తెగిన పోగు తనంతట తాను అతుక్కోవడం నా జన్మలో చూడలేదు. మేము ముడి వేస్తాం, ఆ ముడి బట్టలో ఉండిపోతుంది. నా ఒంట్లో మాత్రం ముడి లేకుండా అతుక్కునేది ఒకటుంది, దానికి నేను ఆరేళ్ళు మందు వేయలేదు.

బయట మెట్ల మీద మా ఆవిడ ఒక్కసారిగా విరుచుకుపడింది. "ఆరేండ్లు! గా తీగముక్క పట్టుకొని ఊరేగినవ్. నన్ను సుత దగ్గరికి రానియ్యలే." అని, నలుగురూ చూస్తున్నారనైనా లేకుండా నా చొక్కా కింద నుంచి డొక్క మీద అరచేయి పెట్టింది.

"గిక్కడ్నేనా?"

"ఆఁ, గక్కడ్నే."

"ఓయ్, ఇంటున్నవా?" అంది, నాతో కాదు. "ఇగ దినాం మందేస్త. మంచిగైపో."

అంటూనే వెక్కి వెక్కి ఏడ్చింది. ఆమె చేయి నా ఒంటి మీద పడి ఆరేళ్ళయింది.