నవ్వుకోవడానికి దాచిన ఉత్తరం

మా బావ లైల్ హకాలాకీ నాకూ ముప్పై ఏళ్ళుగా పడదు. ఇప్పుడు కూడా పడదు.

ఇద్దరం కౌంటీ రోడ్ల షెడ్డులోనే పనిచేసి రిటైరయ్యాం. అతను మంచు తోసే లారీ నడిపేవాడు, నేను ఆ లారీలు బాగుచేసేవాణ్ణి. మా ఊరి సరస్సు ఒడ్డున మంచు నవంబరులో మొదలైతే ఏప్రిల్ దాకా వదలదు కాబట్టి ఏడాదిలో సగం రోజులు ఒకరి మొహం ఒకరం చూసుకోవాల్సిందే. లారీలో ఏది పాడైనా నాతో చెప్పేవాడు కాదు. చీటీ మీద రాసి తాళం చెవితోపాటు మేకుకి తగిలించి పోయేవాడు. "నోరు పడిపోయిందా బావా?" అని షెడ్డంతా వినిపించేలా అరిచేవాణ్ణి. వెనక్కి తిరిగేవాడు కాదు.

మొదట్నుంచీ ఇలాంటి మనిషి కాదు. మా ఊళ్ళో అందరి తాతలూ ఫిన్లాండు నుంచి గనుల్లో పనికి వచ్చినవాళ్ళే. శనివారం సాయంత్రం మగాళ్ళంతా కలిసి సౌనాలో, అంటే ఆవిరి గదిలో, కూర్చోవడం మాకు చర్చికి వెళ్ళడం కంటే ముఖ్యం. మా నాన్న ఇంటి వెనక దేవదారు చెక్కతో కట్టిన సౌనాలో, కాలిన రాళ్ళ మీద నీళ్ళు చల్లి, ఆవిరికి ఎవడు ముందు పారిపోతాడా అని పందేలు కాసేవాళ్ళం. లైల్ ఎప్పుడూ ఆఖరున బయటికొచ్చేవాడు. వచ్చి అలాగే బట్టల్లేకుండా మంచులో దొర్లి, పాటలు పాడి, మళ్ళీ లోపలికి దూకేవాడు. హాకీలో మా గోల్‌కీపరు. మా అక్క లోర్నా వెంట తిరిగే రోజులవి. పంతొమ్మిదేళ్ళకి నేవీలో చేరాడు.

ఎనభై మూడులో తిరిగొచ్చాడు. హోదా తగ్గించి పంపారని ఊరంతా తెలిసింది. ఓడ వదిలి నాలుగు రోజులు పారిపోయాడట. అక్కని పెళ్ళి చేసుకున్నాడు గానీ మా సౌనా గడప మళ్ళీ తొక్కలేదు. పెళ్ళికి ముందురోజు మా నాన్న స్వయంగా పిలిచినా రాలేదు. మా ఇంట్లో అంతకంటే పెద్ద అవమానం లేదు. ఆ రోజు నుంచి అతను మాకు సిగ్గులమొగ్గ. "సిగ్గులమొగ్గ వచ్చాడు, తలుపులు మూయండ్రా" అని నేనంటే మాజీ సైనికుల క్లబ్బులో అందరూ బల్లలు గుద్ది నవ్వేవాళ్ళు. నేను కూడా మూడేళ్ళు ఆర్మీలో చేశాను, అందుకే క్లబ్బులో నాకు కుర్చీ ఉంది. అతనికి లేదు.

నాలుగేళ్ళ క్రితం మార్చిలో అక్క మా ఇంటికొచ్చింది. కోటు కూడా విప్పలేదు.

"వేన్, నువ్వో కాగితం రాసివ్వాలి."

"ఎవరికి?"

"మీ బావకి."

"ఎందుకు, రాయడం అతనికి బాగా వచ్చుగా. ముప్పై ఏళ్ళు చీటీలేగా రాశాడు."

అక్క నవ్వలేదు. నిలబడే చెప్పింది. ఆసుపత్రిలో మామూలు పరీక్షకి వెళ్ళాడట, మగాళ్ళకి ఆ వయసులో చేసే పరీక్ష. డాక్టరు చెయ్యి వేయబోతే గోడకి ఆనుకుని వణికిపోయి, పరికరాల పళ్ళెం విసిరికొట్టాడట. తర్వాత ఇంటికొచ్చి కారు దిగకుండా అక్కకి మొత్తం చెప్పాడు. ఓడలో, ఎనభై ఒకటిలో, పై హోదాలో ఉన్న ఇద్దరు అతన్ని సామాన్ల గదిలో పట్టుకుని బలాత్కారం చేశారు. ఒకసారి కాదు. వాళ్ళ పై అధికారి చీఫ్‌కి చెప్తే, "ఇది ఎవరికైనా చెప్తే ఇంటికి వెళ్ళేది వాళ్ళు కాదు, నువ్వు" అన్నాడట.

"అక్కా, ఆ మనిషి ఆరడుగుల పైన ఉంటాడు. అతన్నెవరు..." అని, నేను నవ్వాను. అబద్ధమెందుకు, నవ్వాను.

అక్క నా చేతిలోంచి కాఫీ కప్పు తీసుకుని, కాఫీ సింకులో పారబోసి, కప్పు కడిగి బోర్లించింది. "సైనికుల పింఛను ఆఫీసు వాళ్ళు పంపిన డాక్టరు కూడా ఇదే అన్నాడు. కాకపోతే నవ్వలేదు" అంది.

దరఖాస్తు పెట్టారట. తిప్పికొట్టారు. ఆ కాలంలో ఫిర్యాదు చేసినట్టు ఎక్కడా రాసి లేదు, వేరే ఓడకి మార్చమని అడిగిన కాగితం ఒకటుంది గానీ అందులో కారణం లేదు, హోదా తగ్గింది అతని క్రమశిక్షణ లోపం వల్ల. అదీ జవాబు. ఫిర్యాదు చేస్తే చంపేవాళ్ళ మధ్య ఉన్నవాణ్ణి పట్టుకుని రసీదు చూపించమంటున్నారు.

"నేనేం రాయను? నేనా ఓడలో ఉన్నానా?"

"వెళ్ళకముందు ఎలా ఉండేవాడో, వచ్చాక ఎలా అయ్యాడో రాయి. వాళ్ళమ్మ లేదు, నాన్న లేడు. మిగిలింది నువ్వొక్కడివే. నాకు మాత్రం నిన్ను అడగాలని సరదానా?"

"రాయను. ముప్పై ఏళ్ళు మన నాన్నని గడ్డిపరకలా తీసిపారేసిన మనిషికి నేను రాయను."

"నీ మోకాలికి పింఛనొస్తోంది. ఆర్మీలో సాఫ్ట్‌బాల్ ఆడుతూ విరగ్గొట్టుకున్నావు. నిన్నెవరైనా సాక్ష్యం అడిగారా?"

తలుపు దభాలున వేసి పోయింది.

నేను రాయనన్నది కోపంతో కాదు. నా దగ్గర ఒక ఉత్తరముంది. అది చేపల గాలాల పెట్టెలో అడుగున ఉంది. ఎప్పుడైనా లైల్ మరీ మిడిసిపడితే పదిమందిలో తీసి చదవడానికి దాచాను. తీసి చూశాను. కవరు మీద తపాలా ముద్ర ఎనభై ఒకటి నవంబరు.

"వేన్, ఇది లోర్నాకి చూపించకు. వేరే ఓడకి మార్చమని అడిగాను, చీఫ్ చించేశాడు. మళ్ళీ రాసిచ్చాను. ఇక్కడ ఇద్దరున్నారు. వాళ్ళ గురించి రాయలేను. నిద్రపోవడం లేదు. అందరూ అయిపోయాక ఒక్కణ్ణే స్నానం చేస్తున్నా, తలుపుకి బకెట్ అడ్డంపెట్టి. ఓడ వదిలి వచ్చేస్తే ఏమవుతుందో మీ నాన్నని అడుగు, ఆయన నేవీలో చేశాడుగా. త్వరగా రాయి."

నేను జవాబు రాయలేదు. ఆ శనివారం సౌనా ముందుగదిలో, అందరూ తువ్వాళ్ళు చుట్టుకుని బీరు తాగుతుంటే, లైల్ గొంతు పెట్టి ఈ ఉత్తరం పైకి చదివాను. బకెట్ మాట రెండుసార్లు చదివాను. "నేవీ ఆడపిల్లని తీసుకున్నట్టుందే" అన్నాడు మా నాన్న. పక్కింటి మెల్విన్ సారి నవ్వి నవ్వి బెంచీ మీంచి పడ్డాడు. ఆ తర్వాత నెలలోనే లైల్ ఓడ వదిలి పారిపోయాడు.

ఆదివారం మధ్యాహ్నం వాళ్ళింటికి వెళ్ళాను. పెరట్లో కట్టెలు కొడుతున్నాడు. గొడ్డలి కింద పెట్టలేదు. ఉత్తరం అతని ముందు పట్టుకున్నాను. కవరు మీద తన చేతిరాత గుర్తుపట్టాడు.

"పారేశావనుకున్నా."

"పారేయలేదు."

"ఎందుకు?"

కవరు అటూ ఇటూ తిప్పాను.

"మీ నాన్న, నువ్వు, మెల్విన్. ఇంకెవరున్నారు?"

"నీకు తెలుసా?"

"తిరిగొచ్చిన మూడోరోజు పోస్టాఫీసు దగ్గర మెల్విన్ నన్ను చూసి, 'బకెట్ తెచ్చుకున్నావా?' అన్నాడు." కట్టె ఒకటి నిలబెట్టి కొట్టాడు. రెండు ముక్కలూ చెరోవైపు పడ్డాయి. "ఆ ఓడలో అంతమంది ఉన్నారు. నేను ఒక్క మనిషికే ఉత్తరం రాశాను, వేన్. ఒక్కడికే."

"అది నాకు..."

"మాట్లాడకు. రాస్తే రాయి. రాసేటట్టయితే నువ్వు చేసింది కూడా రాయి. నిన్ను నువ్వు మంచివాణ్ణి చేసుకోడానికి నా కాగితం వాడుకోకు."

రాశాను. నాలుగు పేజీలు. మూడుసార్లు చింపి రాశాను, ఎందుకంటే ప్రతిసారీ నన్ను నేను కాస్త మంచివాణ్ణి చేసుకుంటున్నాను.

సెప్టెంబరులో విచారణ. మూడు గంటల ప్రయాణం. అక్క నడిపింది, లైల్ పక్కన కూర్చున్నాడు, నేను వెనక. దారిలో కారు ఆపి, అక్క తెచ్చిన మాంసం కూరిన పాస్టీలు ముగ్గురం కిటికీల్లోంచి బయటికి చూస్తూ తిన్నాం. విచారణ గదిలో లైల్ గోడకి వీపు ఆనేలా కుర్చీ జరుపుకుని కూర్చున్నాడు. షెడ్డులో, చర్చిలో, మా పెళ్ళిళ్ళలో ఎప్పుడూ అలాగే కూర్చునేవాడు. దాన్ని నేను పొగరు అనుకున్నాను.

విచారించే ఆమె ముందు లైల్‌ని అడిగింది. "మీరు అప్పుడు ఎందుకు ఎదురుతిరగలేదు?"

"తిరిగాను. ఒక పన్ను పోయింది. పన్ను పీకించుకున్నట్టు ఓడ డాక్టరు రాసుకున్నాడు, మీ ఫైల్లోనే ఉంది."

ఆమె కాగితాలు తిరగేసింది. చాలాసేపు తిరగేసింది. దొరికినట్టుంది, పెన్నుతో ఏదో గుర్తు పెట్టుకుంది. తర్వాత నా వైపు తిరిగింది.

"ఈ ఉత్తరం ఇన్నేళ్ళు ఎందుకు దాచారు?"

"నవ్వుకోవడానికి."

"అర్థం కాలేదు."

"నలుగురిలో చదివి అతన్ని ఏడిపించడానికి, మేడమ్. ఒకసారి చదివాను కూడా."

ఆమె నన్ను చూసిన చూపు నేను జన్మలో మర్చిపోను. లైల్ మాత్రం చూడలేదు. టోపీ మోకాళ్ళ మీద పెట్టుకుని దాని అంచు తిప్పుతూ కూర్చున్నాడు.

ఏడు నెలల తర్వాత ఒప్పుకున్నారు. ఇద్దరు మనుషులు చేసిన పనికి ముప్పై మూడేళ్ళ తర్వాత ఒకటిన్నర పేజీ. "నౌకాదళ సేవలో జరిగిన దాడి వల్ల కలిగిన మానసిక గాయం" అని రాశారట. పింఛనూ వైద్యమూ రెండూ. అక్క ఆ కాగితం ఫ్రిజ్ మీద అంటించింది. లైల్ పీకేసి సొరుగులో పెట్టాడు. క్షమించమన్న మాట అందులో ఎక్కడా లేదని అక్క చెప్పింది. ఆ ఇద్దరిలో ఒకడు పూర్తి పింఛనుతో, పూర్తి గౌరవాలతో రిటైరయ్యాడని కూడా చెప్పింది.

ఇలాంటివి ఊళ్ళో దాగవు. క్లబ్బు ప్రెసిడెంటు లైల్‌కి సభ్యత్వం ఇస్తామని కబురు పంపాడు. లైల్ శుక్రవారం చేపల వేపుడు విందు రోజున, హాలు నిండుగా ఉన్నప్పుడు వచ్చాడు. వాళ్ళు పంపిన సభ్యత్వ దరఖాస్తు తెచ్చి బార్ మీద పెట్టాడు.

"మీరిక్కడ నా గురించి ఏమనుకున్నారో నాకు తెలుసు. మీతో కూర్చోవాలని నాకు లేదు" అన్నాడు.

"పోనీలే లైల్, పాత సంగతులు..." అని ప్రెసిడెంటు మొదలుపెట్టాడు.

"నాకు పాతవి కావు" అని వెళ్ళిపోయాడు.

తలుపు మూసుకోగానే ఎవడో, "సిగ్గులమొగ్గకి కోపమొచ్చింది" అన్నాడు. నేను లేచి వాడి బీరు వాడి ఒళ్ళోనే పోశాను. గొప్పకి చెప్పడం లేదు. ఆ పేరు పెట్టింది నేనే. నన్ను ఆరు నెలలు క్లబ్బుకి రావద్దన్నారు. ఆ సంగతి అక్క చెప్తే లైల్, "ముప్పై ఏళ్ళు ఆలస్యంగా పోశాడు" అన్నాడట.

క్రిస్మస్‌కి ఒకే బల్ల దగ్గర కూర్చుంటాం. బంగాళాదుంపల గిన్నె కావాలంటే అక్కని అడుగుతాడు. అక్క నన్ను అడుగుతుంది. నేను అందిస్తాను.

పోయిన వసంతంలో మెల్విన్ మా ఇంటికొచ్చాడు. ఎనభై ఆరేళ్ళు. కొరియా యుద్ధంలో చేశాడు, క్లబ్బు గోడ మీద అతని ఫొటో ఉంది. వాకిట్లో చేతికర్ర పట్టుకుని నిలబడ్డాడు, లోపలికి రమ్మన్నా రాలేదు.

"మీ బావ పెట్టిన ఆ ఫారం ఏదో ఉందే. దానికి గడువేమైనా ఉంటుందా?"

"ఎవరికోసం?"

రోడ్డు వైపు తిరిగాడు. "అడిగిందానికి చెప్పరా."

నాకు తెలియదన్నాను. కనుక్కుని చెప్తానన్నాను. మెల్విన్ వెళ్ళాక లైల్‌కి ఫోన్ చేశాను. పదేళ్ళలో నేనతనికి ఫోన్ చేయడం అదే మొదటిసారి. సంగతి చెప్పాను.

"ఆ మెల్విన్‌గాడా?" అన్నాడు.

"ఆ మెల్వినే."

"ముసలి వెధవ. నా నంబరు ఇవ్వు. పొద్దున పూట చేయమను. నువ్వు మాత్రం మధ్యలో దూరకు."

ఫోన్ పెట్టేశాడు. నంబరు కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి, ముసలాయనకి చూపు ఆనదు కదా, నడిచి వెళ్ళి ఇచ్చొచ్చాను.