పొయ్యిలో పేలిన కచ్చకాయలు

జనగామ బస్సులో పక్క సీటామె దగ్గర నొప్పుల నూనె వాసన ఘాటుగా వస్తుంటే, నాకు గూడూరు దగ్గరి మా ఊళ్లో గడిచిన చిన్నతనం గుర్తుకొచ్చింది.

ఎండాకాలం మధ్యాహ్నాలు వడగాలికి తలుపులు దగ్గరగా వేసి, మామిడికాయ ముక్కలకు ఉప్పుకారం అద్దుకు తింటూ, పేడతో అలికిన చల్లటి నేల మీద ఆడపిల్లలమంతా గచ్చపొదల్లో ఏరిన గింజలతో కచ్చకాయలు ఆడేవాళ్లం. ఒక గింజను పైకెగరేసి, అది కిందపడేలోగా నేల మీదివన్నీ ఊడ్చి పట్టుకోవాలి. నాకంటే నాలుగేళ్లు పెద్దదైన రమక్క ఏడు గింజలనూ ఒక్క ఊపులో పిడికిట్లోకి తీసుకునేది. పక్క వాడల పిల్లలు ఆమె ఆట చూడడానికే వచ్చేవాళ్లు.

ఒక వానాకాలం అక్క వేళ్ల కణుపులు వాచాయి. తెల్లవారగానే పిడికిలి ముడుచుకునేది కాదు. చీపురు జారిపోయేది, బిందె లేచేది కాదు. పొద్దెక్కేకొద్దీ బిగుతు కాస్త వదిలి, మధ్యాహ్నానికి మెల్లగా ఆడగలిగేది. రోజంతటిలో ఆమె నవ్వేది అప్పుడే. ఆమె పనులన్నీ నా మీద పడ్డాయి. ఆ కడుపుమంటతో అమ్మకు చెప్పాను.

"అక్క మంచిగనే ఆడుతున్నదమ్మా. పనంటేనే చేతులు నొస్తయట."

మరునాడు అమ్మ వరినాటుకు పోకుండా కాచుకొని ఉంది. ఆట మొదలవగానే వచ్చి, "పొద్దుగాల రాని చేతులు ఆటకెట్ల వస్తున్నయే?" అని గింజలన్నీ పొయ్యిలో పోసింది.

"పొద్దుగాల నిజంగనే రావమ్మా, పొద్దెక్కితే జర వస్తయి" అని అక్క ఏడుస్తూ చెబుతూనే ఉంది. గింజలు టపటపా పేలుతుంటే నేను నవ్వాను.

తర్వాత ఆమెకు పనిదొంగ అని పేరు పడింది. బతుకమ్మ పండుగకు గునుగుపూలు కట్టలు కట్టలేక ఓ మూల కూర్చుంటే, రొట్టె, బెల్లం కలిపిన మలీద ముద్దతో పాటు ఆ పేరూ వడ్డించేవాళ్లు. వాపు ముదిరాక పసర్లు కట్టారు, వాతలు పెట్టారు. నాకు ఉద్యోగం వచ్చాక వరంగల్ దవాఖానకు తీసుకుపోయేసరికి వేళ్లు పక్కకు ఒరిగిపోయి ఉన్నాయి.

"పొద్దున బిగుసుకుపోయి, తర్వాత వదులు కావడమే ఈ కీళ్లవాతం గుర్తు. ఎవరూ గమనించలేదా?" అంది డాక్టరమ్మ.

ఇప్పుడు మందులతో నొప్పి తగ్గింది, వంకర మాత్రం పోదు. అమ్మ లేదు. ఊళ్లో గచ్చపొదలు కొట్టేసి పత్తి వేశారు, ఆ ఆట తెలిసిన పిల్లలూ లేరు. నిన్న మధ్యాహ్నం ధైర్యం చేసి అడిగాను.

"అప్పుడు అమ్మకు నేనే చెప్పిన. నీకెరుకేనా అక్కా?"

"ఎరుకే" అంది.

ఇంకేమన్నా అంటుందేమోనని చూశాను. ఆమె టీవీ రిమోట్‌ను రెండు అరచేతుల మధ్య ఇరికించుకొని, గడ్డంతో మీట నొక్కి, చప్పుడు పెంచింది.