నుదుటి మీద బూడిద

ఆ రోజుల్లో నా భక్తంతా నుదుటి మీదే ఉండేది. ఎనభైకి దగ్గరపడ్డ మా పక్కింటి అంకుల్ దాన్ని తడి రుమాలుతో ఒక్కసారిగా తుడిచేశారు. ఆస్ట్రేలియాలో, క్రెయిగీబర్న్ అనే శివారు ఊళ్లో, బస్‌స్టాప్ బెంచీ మీద, నలభై డిగ్రీల ఎండలో. వదిలిందో లేదోనని నా గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పి కూడా చూశారు.

అది విభూది బుధవారం. మా క్యాథలిక్కుల నలభై రోజుల తపస్సు కాలం మొదలయ్యే ఆ రోజు పూజలో ఫాదర్ మా నుదుట బూడిదతో సిలువ గుర్తు వేస్తారు. నాకు ఆస్ట్రేలియాలో అది మొదటి ఏడాది, కొత్త ఉద్యోగం. నేనెంత భక్తిపరుణ్నో ఆఫీసులో నలుగురికీ తెలియడానికి ఇంతకన్నా మంచి రోజు దొరకదనుకున్నాను. రైల్లో ఏసీ గాలి తగిలే సీటు వదిలేశాను. చెమట పడితే నుదురు వదిలి చెంపలు మాత్రం అద్దుకున్నాను. భోజనానికి పిలిచినవాళ్లకూ, పిలవనివాళ్లకూ ఉపవాసమని చెప్పాను. (ఉపవాసమున్నప్పుడు మొహం కడుక్కోండి, నలుగురికీ చూపించుకోకండి అనే సువార్త ఆ ఉదయమే చదివారు. నేనప్పుడు గిన్నెలో బూడిద మా వరుసదాకా వస్తుందా అని చూస్తున్నాను.)

సాయంత్రం ఇంటికి రాగానే, వరంగల్ నుంచి వచ్చిన మా రూమ్మేట్ తేరిపార చూశాడు. "ఏందిరా, పొద్దున పెట్టింది ఇంకా గట్లనే ఉన్నది? ఫ్రిజ్‌ల పెట్టినవా?"

ఆరింటికి తెలుగు కుటుంబాల జపమాల ప్రార్థన. మొదటిసారి నేను చెప్పించాలి. స్నానం మానేసి, చొక్కా మాత్రం మార్చుకుని బయటికొస్తే గేటు దగ్గర పక్కింటి ఆంటీ. ఫిజీ చెరుకు తోటల్లో పెరిగి ఇక్కడికొచ్చిన పాతకాలపు తెలుగువాళ్లు. "బాబూ, అంకుల్ ఇంట్లో లేరు. టోపీ లేదు, ఫోన్ లేదు. ఇల్లు ఆయనకి గుర్తుండదు."

మీ దగ్గర దాచడమెందుకు, నేను ముందు వాచీ చూసుకున్నాను. ఆ తర్వాత చూశాను, కాలుతున్న ఆ సిమెంటు మీద ఆవిడ చెప్పుల్లేకుండా నిలబడి ఉన్నారు. రూమ్మేట్ కారు తీసి పార్కు వైపు వెళ్లాడు. నేను నీళ్ల సీసా పట్టుకుని బస్‌స్టాప్ వైపు పరుగెత్తాను.

అంకుల్ అక్కడే ఉన్నారు. మొహం కందిపోయి, పెదాలు ఎండిపోయి.

"ఇంటికెళ్దాం రండి అంకుల్."

"నువ్వెవరు? నేను రాను."

నీళ్లిస్తే తాగలేదు. రుమాలు తడిపి తలమీద వేసుకోమంటే, దాన్ని చేతిలో పట్టుకుని నా నుదుటివైపు చూశారు. "చెరుకు కాల్చి వస్తున్నావా? ఈ మసి మీ అమ్మ చూస్తే తంతుంది. రా, మా ఇంట్లో సబ్బుంది." తుడిచారు. తుడిచి, నా చెయ్యి పట్టుకుని లేచారు. అంతసేపూ కదలనన్న మనిషి, నా మొహం కడిగించడానికి బయల్దేరారు. (దారి మాత్రం నేనే చూపించాను.) సగం దూరంలో నీళ్లు కూడా తాగారు.

ఆయన్ని చూడగానే ఆంటీ గేటు పట్టుకుని అక్కడే కూర్చుండిపోయారు. నా మనసు దూదిలా తేలికైంది. అంకుల్ సబ్బు తెచ్చి పక్కనే నిలబడ్డారు. పెరటి కుళాయి దగ్గర చెవుల వెనకదాకా కడుక్కున్నాను. జపమాలకు వెళ్లేసరికి వేరొకరు చెప్పించేశారు, నాకన్నా బాగానే. నా ఖాళీ నుదురు ఎవరూ గమనించలేదు. పొద్దున్నుంచి దాన్ని కాపలా కాసిన ఆ కుర్రాణ్ని తలుచుకుంటే ఇప్పుడు నవ్వూ వస్తుంది, కాస్త జాలీ వేస్తుంది.

అంకుల్ ఆ తర్వాత రెండేళ్లున్నారు. ఆ రోజు ఏ బస్సు ఎక్కాలని అక్కడ కూర్చున్నారో ఆంటీ చాలాసార్లు అడిగారు. మాకు ఇప్పటికీ తెలియదు.