ఇవానో బిగింపు

ఇటలీలో మోదెనా చుట్టుపక్కల రేసు కార్ల పిచ్చి లేని ఇల్లు వెతికినా దొరకదు. ఆ పిచ్చి ముదిరాక అందరికీ ఇవానో మాలగోలి కావాలి. ఇంజన్‌కి బలం పెంచేకొద్దీ లోపలి మంట పైన మూతలా ఉండే సిలిండర్ హెడ్‌ని ఎత్తి పారేయాలని చూస్తుంది. వెంట్రుకవాసి సందు దొరికితే చాలు, మంట ఇంజన్‌ని చల్లబరిచే నీళ్ళలోకి, ఆ నీళ్ళు మంటలోకి. ఆ సందు లేకుండా మూయడమే ఇవానో బతుకంతా చేసిన పని.

చెప్పుకోవడానికి తేలికే. సిలిండర్ చుట్టూ సన్నని గాడి తీసి అందులో ఉక్కు తీగ కూర్చోబెడతాడు. హెడ్ కింద పరిచే రాగి రేకు గ్యాస్కెట్‌ని ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచి మెత్తబరుస్తాడు. దాన్ని పరిచి, హెడ్ పెట్టి, మధ్యనుంచి అంచులకు నట్లు కొంచెం కొంచెంగా బిగిస్తే తీగ రాగిలోకి దిగి పట్టేస్తుంది. బిగువు కొలిచే పానా అతని దగ్గర లేక కాదు. చివరి పిసరు మాత్రం చేతికే తెలుస్తుందని అతని పట్టుదల.

ఆ చెయ్యే పోయిన చలికాలం మొద్దుబారింది. పక్షవాతం ఓసారి తాకి పోయింది. మాట వచ్చింది, నడక వచ్చింది, కుడిచేతికి స్పర్శ రాలేదు. చొక్కా బొత్తాలు భార్య నెరీనా పెడుతుంది. గ్యాస్కెట్ కాల్చేటప్పుడు మంట గొట్టమూ ఆమే పట్టుకుంటుంది. ఈ సంగతి ఆమెకు తప్ప ఎవరికీ తెలియదని ఇవానో నమ్మకం. ఊరంతటికీ తెలుసు. మా ఊళ్ళో జబ్బు దాగుతుందా?

వసంతం రాగానే ఎర్మెస్ తన ఇంజన్ తెచ్చాడు. జున్ను డెయిరీలో పనిచేస్తాడు. దుంగల్లాంటి చేతులు, అదుపులేని నోరు. ఆదివారం కొండదారి రేసు ఉంది. ఈ ఒక్క ఇంజన్ సరిగ్గా మూయగలిగితే తన పని తనకు ఉన్నట్టే, లేకపోతే షెడ్డుకి తాళమే అనుకున్నాడు ఇవానో.

కాల్చి తీసిన గ్యాస్కెట్ తుడుస్తుంటే మొద్దు వేళ్ళలోంచి జారి నేలమీద పడింది. ఓ మూల వంగింది. మళ్ళీ కాల్చాలంటే నెరీనాని పిలవాలి, జారవిడిచానని చెప్పాలి. అభిమానం అడ్డొచ్చింది. కొయ్యసుత్తి తీసుకుని మూల చదును చేసేశాడు. సుత్తి తగిలిన రాగి మళ్ళీ బిరుసెక్కుతుందని నిద్రలో లేపి అడిగినా చెప్పగలడు. తెలిసే చేశాడు.

శుక్రవారం ఇంజన్ స్టార్ట్ చేస్తే గుప్పున తెల్లపొగ, నీళ్ళు మంటలోకి దిగిన ఆవిరి.

"ఇదేంట్రా, ఇంజనా, పులుసు గిన్నా?" అన్నాడు ఎర్మెస్.

హెడ్ విప్పారు. గ్యాస్కెట్ మూల సుత్తి మచ్చలు కనబడుతూనే ఉన్నాయి. ఎర్మెస్ వాటిమీద వేలు పెట్టి తలెత్తాడు.

"జారిపోయింది," అన్నాడు ఇవానో. తల కొట్టేసినట్టయింది. "చేతికి స్పర్శ లేదు ఎర్మెస్. ఇంకెవరికైనా ఇచ్చుకో. నేనిక మానేస్తా."

"ఎవరికివ్వను? ఆ పక్కూరి రెగ్గియో వాళ్ళకా? నా శవాన్నైనా ఇవ్వను వాళ్ళకి. ఏడుపాపి ఇంకో రాగి రేకు తియ్యి."

గుమ్మంలోంచి నెరీనా అందుకుంది. "నాతో చెప్తే ముత్యాలు రాలిపోతాయా? రోజూ బొత్తాలు పెట్టేదాన్ని, ఇంకోసారి మంట పట్టుకోలేనా?"

ఇవానో ఇంకో రేకు తీశాడు. ఆమె మంట గొట్టం పట్టింది, రాగి ఎర్రబడింది, నీళ్ళలో చుయ్‌మంది. హెడ్ కూర్చోబెట్టాక ఎర్మెస్ పానా పట్టుకున్నాడు. ఇవానో తన ఎడమ అరచేతిని అతని ముంజేతికి ఆనించాడు.

"మెల్లగా... జున్ను పిసికినట్టు పిసక్కు!"

"నా జున్ను జోలికి రాకు."

"ఇంకాస్త... ఇంకాస్త... చాలు!"

ఎర్మెస్ కండ బిగుసుకునే తీరులోంచి నట్టు మొరాయింపు ఇవానో అరచేతికి అందింది. అదే పిసరు. చలికాలం నుంచి తాను పోగొట్టుకున్నది అదే. ఇంజన్ కాసేపు తిప్పి, చల్లారనిచ్చి, మళ్ళీ అలాగే ఇద్దరూ బిగించారు. పొగ రాలేదు.

ఆదివారం ఎర్మెస్ గెలవలేదు, నడిమి వరసలో వచ్చాడు. ఇవానోకి ఆ లెక్కే అక్కర్లేదు. కొండమీద కారు చల్లారేదాకా పక్కనే కూర్చుని రేడియేటర్ మూత తీయించాడు. పోసిన నీళ్ళు పోసినట్టే ఉన్నాయి. దేవుడికి, నెరీనాకి, ఈ మోటు మనిషికి ఏ వరసలో దండం పెట్టాలో తెలియక కళ్ళు తుడుచుకున్నాడు.

పక్క కారు మనిషి ఒకతను వచ్చాడు. "ఎవరు మూశారు ఈ ఇంజన్‌ని?"

"మాలగోలి. ఇంకెవడున్నాడు?" అన్నాడు ఎర్మెస్.

"కుడిచెయ్యి పడిపోయిందన్నారే?"

"ఎక్కడికి పోతుంది? మా డెయిరీలో జున్ను తిప్పుతోంది. సాయంత్రాలు ఖాళీ."

వచ్చినతను అర్థంకాక ఇవానో వైపు చూశాడు.

"మంగళవారం సాయంత్రం తీసుకురా," అన్నాడు ఇవానో, చుట్టూ ఉన్నవాళ్ళకు వినబడేంత గట్టిగా. "నా భార్య మంట గొట్టం పట్టుకుంటుంది, ఎర్మెస్ పానా పట్టుకుంటాడు. వీళ్ళు లేనిదే నేను మూయలేను."