దర్వాజ రాయికి సరిచూసిన కాలు

2022 ఆషాఢం. కరీంనగర్‌లో నేను కృత్రిమ కాళ్లు తయారుచేసే వర్క్‌షాపు నిండా వాన నీళ్లు, ప్లాస్టర్ బురద. కాళ్ల దుకాణంలో కాలు పెట్టే చోటు లేదని మా ఆయన రోజూ అనే మాటే ఆ రోజూ అన్నాడు. నాకు రోజూ వచ్చే కోపమే ఆ రోజూ వచ్చింది. అదే సమయంలో రామగిరి గుట్ట కింది ఊరి నుంచి రాజవ్వ వచ్చింది.

యాభై దాటిన మనిషి. ట్రాక్టర్ ట్రాలీ బోల్తాపడి ఎడమ కాలు మోకాలి కింది నుంచి పోయింది. చంకల్లో కర్రలు, వెనకాల భర్త మల్లయ్య, పక్కన మరిది భార్య లచ్చవ్వ. కుర్చీలో సరిగ్గా కూర్చోనైనా లేదు, అడిగేసింది.

"బిడ్డా, నువ్వు జేసే కాలుతోని ఖిల్లా ఎక్కొచ్చునా?"

ఖిల్లా అంటే రామగిరి కోట. గుట్ట చుట్టూ కూలిన గోడలు, బురుజులు, పైన సీతారాములు. శ్రావణం వస్తే జనం బారులు తీరి ఎక్కుతారు. కాపురానికి వచ్చిన నాటి నుంచి వాళ్ల వాడ ఆడవాళ్లకు ముందు నడిచి పాట ఎత్తుకునేది రాజవ్వే.

"రెండేండ్ల సంది మొదటి దర్వాజ కాడ కూసోని అందరి చెప్పులకు కావలుంటున్న. పాటేమో మీదికెల్లి ఇనవడ్తది. గా బాధ నీకేమెర్క?" అంది.

"బతికి బట్టకట్టినవ్, గది సాలదా అక్కా? మల్ల గుట్టల ముచ్చటెందుకు?" అని లచ్చవ్వ విసుక్కుంది.

రాజవ్వ ఆమె వైపు చూడనే లేదు. "ఈ శ్రావణంల ఎక్కకపోతే నీ కాలు నీకే వాపస్ ఇస్త బిడ్డా. ఇంట్ల తిర్గనీకి నాకు కర్రలే సాలు."

నాకు చురుక్కుమంది. "నేను జేసిన కాలు ఇప్పటిదాంక వాపస్ రాలే రాజవ్వా. నువ్వెక్కే నాడు నేను గూడ వస్త. ఎట్ల ఎక్కవో చూస్త!"

మా పని గురించి రెండు ముక్కలు చెప్పాలి. మిగిలిన కాలు దూరే గిన్నెలాంటి భాగం సాకెట్. దాని కింద నిలువు గొట్టం పైలాన్. అడుగున రబ్బరు పాదం. ఈ మూడూ ఒకదాని కింద ఒకటి సరిగ్గా నిలబడేలా వంపు సరిచూడటాన్ని అలైన్‌మెంట్ అంటాం. సాకెట్ ఎంత బాగా కుదిరినా అలైన్‌మెంట్ తప్పితే మనిషి నిలబడలేడు. చెప్పు మడమ ఎత్తు కూడా లెక్కలోకి వస్తుంది కాబట్టి రోజూ వేసుకునే చెప్పులే తెమ్మని అందరికీ చెబుతాను. రాజవ్వ కొంచెం మడమ ఉన్న చెప్పులు తెచ్చింది. వాటికే సరిచేశాను. వర్క్‌షాపులో మెట్లు ఎక్కించాను, దింపించాను, వాలు బల్ల మీద నడిపించాను. ఆమె నడక చూసి నా భుజం నేనే తట్టుకున్నాను.

శ్రావణంలో ఒక ఆదివారం అందరం బయలుదేరాం. మొదటి దర్వాజ దాకా రాజవ్వ చేతిలో పసుపు కుంకుమల పళ్లెంతో అందరికంటే ముందు నడిచింది. నేనైతే పండగ చేసుకుంటున్నాను. దర్వాజ దగ్గర ఆగి ఆమె వంగింది, రెండు చెప్పులూ విప్పి గోడ పక్కన పెట్టింది. రెండు అడుగులు వేసిందో లేదో వెనక్కి తూలింది. లచ్చవ్వ పట్టుకోకపోతే రాళ్ల మీద వెల్లకిలా పడేది. పళ్లెం ఎగిరి కుంకుమ అంతా మెట్ల మీద ఒలికిపోయింది.

మడమ ఎత్తు పోగానే కాలు మొత్తం వెనక్కి వాలింది, అంతే సంగతి.

"చెప్పులు తొడుక్కో!" అని అరిచాను.

"దేవుని గుట్ట బిడ్డా. మా అత్త కాలం సంది ఈడికెల్లి ఉత్తకాళ్లే. చెప్పులతోని ఎక్కుడుకన్న ఎక్కకుండుడే నయం."

"మరి ముందుగాల చెప్పొద్దా?"

"చెప్పిన గదా! చెప్పులకు కావలుంటున్న అని ఫస్టు దినమే చెప్పిన."

నిజమే, చెప్పింది. ఆమె బాధ విన్నాను గానీ ఆ మాటలో చెప్పులు ఎందుకున్నాయో నాకు తట్టలేదు.

లచ్చవ్వ కళ్లు తుడుచుకుంటూ "ఇగ సాలు అక్కా, నీకు దండం వెడ్త, దిగుదాం" అంది. రాజవ్వ చెప్పుల పక్కన, ఆ రెండేళ్లూ కూర్చున్న రాయి మీదే మళ్లీ చతికిలబడి సాకెట్ పట్టీ విప్పబోయింది. కాలు నాకు వాపసు ఇచ్చేయడానికే.

"చెయ్యి తియ్ రాజవ్వా! కాలు మీద చెయ్యేస్తే బాగుండది!" అని గద్దించాను.

నా తాళాల గుత్తికి అలెన్ కీ ఎప్పుడూ ఉంటుంది. స్క్రూలు తిప్పే వంకర ఇనుప పుల్ల అది. పాదం పైన నాలుగు చిన్న స్క్రూలు ఉంటాయి. ఒక వైపు వదులు చేసి ఎదుటి వైపు బిగిస్తే గొట్టం వంపు మారుతుంది. మార్చడం సులువే, ఎంత మార్చాలో తెలియడమే కష్టం. వర్క్‌షాపులో అయితే మేస్త్రీలు గోడకు చూసినట్టు దారానికి గుండు కట్టి చూస్తాం. ఇక్కడ తాళంచెవికి దారం కట్టి వేలాడదీస్తే గుట్ట గాలికి ఉయ్యాల ఊగింది.

అప్పుడు నా కన్ను దర్వాజ పక్క నిలువు రాయి మీద పడింది. పైకప్పు కూలింది, గోడలోంచి చెట్లు మొలిచాయి, ఆ రాయి అంచు మాత్రం చెక్కు చెదరలేదు. గాలి ఒక్క క్షణం ఆగినప్పుడు దారం పట్టి చూశాను. దారానికీ రాయి అంచుకీ వెంట్రుకవాసి తేడా లేదు. ఏ వడ్డెర తాత నిలబెట్టాడో గానీ, నీ చెయ్యి చల్లగుండ అనుకున్నాను.

రాజవ్వను ఆ రాయి పక్కన ఉత్తకాళ్లతో నిలబెట్టి, తడి మెట్ల మీద బోర్లా పడుకుని, రాయి అంచుకు గొట్టాన్ని సరిచూస్తూ స్క్రూలు తిప్పాను. ఒకసారి ఎక్కువైంది, ముందుకు తూలింది. మళ్లీ తిప్పాను. మూడోసారి ఆమె ముఖమే చెప్పింది. గోడ వదిలింది. లచ్చవ్వ చెయ్యి వదిలింది. ఒక మెట్టు, ఇంకో మెట్టు.

"ఆగు అక్కా, జర మెల్లగ!" అని లచ్చవ్వ వెంటపడింది. ఎవరాగుతారు? మూల మలుపు తిరగకముందే పాట మొదలైంది. రెండేళ్లుగా గొంతులో దాచుకున్నదంతా ఒక్కసారి బయటికి వచ్చినట్టు ఎత్తుకుంది. వెనక ఆడవాళ్లందరూ ఏడుస్తూనే అందుకున్నారు. మల్లయ్య తువాలుతో ముఖం కప్పుకున్నాడు. నేనూ ఏడ్చాను, చెప్పుకోవడానికి సిగ్గేమిటి?

ఎక్కేవాళ్లలో ఆఖరిదాన్ని నేనే. మోకాళ్లు పట్టుకుని ఆయాసపడుతుంటే పై బురుజు మీది నుంచి కేక వినిపించింది.

"ఓ బిడ్డా! కాలు వాపస్ గావాల్నా?"

"నాకు నీ కాలెందుకు! ముందుగాల నన్ను మీదికి గుంజు!" అన్నాను. గుట్టంతా నవ్వింది.

దిగేటప్పుడు అదే రాయి దగ్గర కాలును మళ్లీ చెప్పులకు సరిచేశాను. తర్వాత ఉత్తకాళ్లతో నడవడానికి వేరే కాలు చేసి ఇచ్చాను. ఇప్పుడు నా దగ్గరికి ఎవరొచ్చినా, ఏ చెప్పులు వేసుకుంటారని అడగడానికి ముందు, చెప్పులు ఎక్కడ విడుస్తారని అడుగుతాను. మనిషి వెళ్లాలనుకునే చోటు చాలాసార్లు ఆ జవాబులోనే ఉంటుంది.

కిందటి శ్రావణంలో రాజవ్వ ఖిల్లా మీది నుంచి ఫోన్ చేసింది. వెనకాల పాట వినిపిస్తోంది.

"చెప్పుల కాడ ఎవరున్నరు?" అని అడిగాను.

"ఎవ్వరు లేరు బిడ్డా. పోతే పోయినయ్ చెప్పులు. అందరం మీదనే ఉన్నం."